మొసలి పట్టు, పద్యం పట్టు

గజేంద్ర మోక్షానికి అంతరార్థం చెప్పమంటే మన పౌరాణికుల దగ్గర ఒక పట్టీ సిద్ధంగా ఉంటుంది. ఏనుగు జీవుడు. మడుగు సంసారం. మొసలి కర్మ, లేదా కాలం, లేదా కామం. అది చెప్పేవారిని బట్టి మారుతుంది. త్రికూట పర్వతానికున్న మూడు శిఖరాలు, ఇనుపది, వెండిది, బంగారుది, మూడు గుణాలు. ఆడ ఏనుగులు ఇంద్రియ వృత్తులు. చక్రం జ్ఞానం. ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు, సంప్రదాయం ఒప్పుకున్న అర్థాలే ఇవి. నా ఇబ్బంది వేరు. ఈ పట్టీ విన్నవాడు తల ఊపుతాడు, ఎంత లోతు అనుకుంటాడు, ఉత్తరీయం సర్దుకుని లేచి వెళ్ళిపోతాడు. ఏనుగు జీవుడని తెలియడం వల్ల అతని కాలు ఏ మొసలి నోట్లో ఉందో అతనికి కొత్తగా తెలియలేదు.

అదే మనిషి, వ్యాఖ్యానం ఏమీ లేకుండా, ఎవరైనా గొంతు కలిగినవారు ఆ ఘట్టంలోని పద్యాలు వరుసగా చదువుతుంటే వింటాడు. నాలుగైదు పద్యాలు దాటేసరికి ఊపిరి మారుతుంది. ఇంకో నాలుగు దాటేసరికి కళ్ళు చెమ్మగిల్లుతాయి. పద్యంలో సగం మాటలకు అతనికి అర్థం తెలియదు. అయినా జరిగేది జరుగుతుంది. జరిగిందేమిటి, దాన్ని జరిపించింది ఏది అని అడిగితే మనం భక్తి అనేస్తాం, కవి మహిమ అనేస్తాం, అక్కడితో ఆపేస్తాం. నాకు మాత్రం ఈ ఘట్టపు అంతరార్థం కథ వెనక ఎక్కడో దాచిపెట్టి ఉందని అనిపించదు. పోతన వాక్యాన్ని ఎక్కడ సాగదీశాడు, ఎక్కడ తుంచాడు, ఎవరి సంగతి ముందు చెప్పి ఎవరిది వెనక్కి నెట్టాడు, దేవుణ్ణి ఎంతసేపు దూరంగా ఉంచి ఎప్పుడు ఎదుట నిలబెట్టాడు అన్న పనితనంలోనే అది ఉంది. అలంకార శాస్త్రం అనేది సాధన శాస్త్రానికి ఇంత దగ్గరగా నడిచే చోటు తెలుగులో ఇంకొకటి చూపించడం కష్టం.

మన ఆలంకారికులకు ఇది తెలియని సంగతి కాదు. ఓరుగల్లులో కాకతీయ ప్రతాపరుద్రుడి కొలువులో ఉండి ప్రతాపరుద్రీయం రాసిన విద్యానాథుడు పాత విభాగాన్నే మళ్ళీ చెప్పాడు: వేదం ప్రభువులా ఆజ్ఞాపిస్తుంది, పురాణం మిత్రుడిలా నచ్చజెబుతుంది, కావ్యం ప్రియురాలిలా మనసు తనవైపు తిప్పుకుంటుంది. భాగవతం సంస్కృతంలో ప్రధానంగా పురాణం. పోతన చేతిలో కావ్యమైంది. అంటే స్నేహితుడి గొంతులోంచి ప్రియురాలి గొంతులోకి మారింది. ఆజ్ఞకు లోబడతాం, హితవుకు ఒప్పుకుంటాం. మూడోదానికి మాత్రం మనం మారిపోయాక గాని మారినట్టు తెలియదు.

కశ్మీరంలో 10, 11 శతాబ్దాల నాటి అభినవగుప్తుడు ఇంకా లోపలికి వెళ్ళాడు. ఆయన తంత్రాలోకం రాసిన శైవ యోగి, నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాసిన ఆలంకారికుడు కూడా. రెండు పనులూ ఒకే మనిషి చేశాడన్న సంగతి మనం ఎందుకో విడివిడిగా గుర్తుపెట్టుకుంటాం. రసం అనుభవానికి రాకుండా అడ్డుపడే విఘ్నాలు ఏడున్నాయని ఆయన లెక్కచెప్పాడు. చెప్పింది నమ్మశక్యంగా లేకపోవడం ఒకటి. ఇది నాది, అది పరాయివాడిది అని దేశకాలాల గిరి గీసుకోవడం ఒకటి. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాల్లో మునిగి ఉండడం ఒకటి. సంశయం ఒకటి. ఇవి చదువుతుంటే పతంజలి యోగసూత్రాల్లో సమాధికి అడ్డమని చెప్పిన తొమ్మిది అంతరాయాలు గుర్తుకు రాక మానవు. అక్కడా సంశయం ఉంది. నాటకశాలలో కూర్చున్నవాడికీ, దర్భాసనం మీద కూర్చున్నవాడికీ అడ్డుతగిలే చిత్తం ఒక్కటే కదా. సొంత గొడవల్లో మునిగిన ప్రేక్షకుణ్ణి పైకి లాగడానికే నాటకంలో వాద్యాలు, పాటలు, అలంకరించిన మండపం ఉన్నాయనీ, వాటివల్ల హృదయం లేనివాడు కూడా సహృదయుడవుతాడనీ అభినవగుప్తుడు అంటాడు. పద్యానికి ఆ మండపం, ఆ వాద్యం ఛందస్సే. ప్రాస, యతి, అనుప్రాస అనేవి చెవిని పట్టుకుని మనసును దాని చింతల్లోంచి బయటికి నడిపించే ఉపాయాలు.

ఈ ఉపాయం గీతలోనూ ఉంది, 11వ అధ్యాయంలో. అంతవరకు పాదానికి ఎనిమిది అక్షరాల అనుష్టుప్పులో సాగిన సంవాదం, విశ్వరూపం చూసిన అర్జునుడు నోరు తెరవగానే పదకొండు అక్షరాల త్రిష్టుప్పులోకి వెళ్ళిపోతుంది. చూసినదాన్ని చెప్పడానికి పాత కొలత చాలలేదు. స్వామి మళ్ళీ సౌమ్యరూపం ధరించాక, అర్జునుడు తేరుకున్నాక, అనుష్టుప్పు తిరిగి వస్తుంది. పారాయణ చేసేవారికి ఈ మార్పు అర్థం కంటే ముందు ఊపిరితిత్తులకు తెలుస్తుంది.

పోతన దగ్గరికి వద్దాం. అష్టమ స్కంధం. ఈ కథ ఎవరు ఎవరికి చెబుతున్నారన్నది మనం తరచూ మరిచిపోతాం. శుకుడు చెబుతున్నాడు, పరీక్షిత్తు వింటున్నాడు. ఏడు రోజుల్లో తక్షకుడి విషంతో పోవలసినవాడు పరీక్షిత్తు. మన్వంతరాల వరుసలో, నాలుగోదైన తామస మన్వంతరం దగ్గర హరి ఒక ఏనుగును మొసలి నుంచి విడిపించాడన్న మాట వస్తుంది. శుకుడు అది ముక్తసరిగా చెప్పి ముందుకు వెళ్ళబోతే, ఆ కథ విడమరిచి చెప్పమని ఆపింది పరీక్షిత్తే. ఆ రాజుకు ఏనుగు జీవుడని ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. కాలు పట్టుబడినవాడు కాలు పట్టుబడినవాడి కథ అడుగుతున్నాడు. వినవలసిన తీరు ఏమిటో భాగవతం ఈ శ్రోతను చూపించి ముందే చెప్పేసింది.

కథ మొదట్లో అడవి వర్ణన ఉంటుంది. చెట్ల పేర్లు, పక్షుల పేర్లు, పూల పేర్లు వరుసపెట్టి వస్తాయి. మూలంలోనూ ఉన్నాయి, పోతన ఇంకా పెంచాడు. కథ కోసం వచ్చినవాడికి ఇది విసుగు పుట్టిస్తుంది. పోతన శబ్ద వ్యామోహం కొన్నిచోట్ల శ్రుతి మించుతుందన్న విమర్శ పాతదే, దానితో నాకు పేచీ లేదు. వచనాల్లో కొన్ని నిజంగానే ఊపిరాడనివ్వవు. కానీ ఈ చోట ఆ సాగతీతకు ఒక పని ఉంది. ఏనుగుల మంద నీళ్ళలో దిగి ఆడుకుంటున్నంతసేపు మనమూ ఆ మాటల్లో ఆడుకుంటూ ఉంటాం. వింటున్న చెవి హాయిలో పడి కాపలా వదిలేస్తుంది. సరిగ్గా అప్పుడు మొసలి పట్టుకుంటుంది. ముందే హెచ్చరించి ఉంటే ఈ పట్టు మనకు ఏనుగు కాలికి పడినట్టే ఉండేది. ఇప్పుడు మనకూ పడింది.

తర్వాతి పోరాటం వేయి సంవత్సరాలు. పోతన ఆ సంవత్సరాలను వర్ణించుకుంటూ కూర్చోలేదు. ఒక చిన్న కందం రాశాడు. నాలుగు పాదాలు, మొత్తం 64 మాత్రలు. అందులో కరి, మకరి అన్న రెండు మాటలు ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయి. ఒకసారి ఇది దరికి లాగుతుంది, ఒకసారి అది మడుగులోకి లాగుతుంది. వేగంగా చదివితే ఎవరు ఎవరిని లాగుతున్నారో చెవికి తేలదు. అర్థం కోసం వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవాలి. ఒక అలవాటుతో ఏళ్ళ తరబడి పెనుగులాడినవారికి ఈ తేలకపోవడం ఏమిటో తెలుసు: ఇవాళ నేను దాన్ని లాగుతున్నానా, అది నన్ను లాగుతోందా? ఈ ప్రశ్నను పోతన ప్రశ్నగా ఎక్కడా వేయలేదు. చదివేవాడి నాలుకకు ఆ తడబాటు అంటించాడు.

ఇక స్తుతి. ఇక్కడే నాకు పోతన పనితనం ఒక ఆధ్యాత్మిక పటంలా కనిపిస్తుంది. మొసలి బలం పెరుగుతూ తన బలం తరుగుతుంటే ఏనుగు ప్రార్థన మొదలుపెడుతుంది. మొదటి పద్యం ఉత్పలమాల. ఈ జగత్తు ఎవరివల్ల పుడుతుందో, ఎవరిలో ఉండి ఎవరిలో లయిస్తుందో, అలాంటివాడు ఎవరో, వాణ్ణి శరణు వేడుతున్నాను అన్న ధోరణి. వాక్యం పొడుగ్గా ఉంటుంది, దృఢంగా ఉంటుంది, వేదాంతపు గట్టితనం ఉంటుంది. దేవుడు ఈ పద్యంలో 'ఎవడో వాడు'. తర్వాతి పద్యాల్లోనూ చాలాదూరం ఇంతే. లోకాలన్నీ అణిగిపోయాక మిగిలే చీకటికి అవతల ఒంటరిగా వెలిగేవాడు ఎవడో వాడు. తనలోంచి అన్నిటినీ తీసి, మళ్ళీ తనలోనే దాచుకుని, సాక్షిగా చూసేవాడు ఎవడో వాడు. వింటుంటే గొప్పగా ఉంటుంది. ఇదొక పండితుడి ప్రార్థన. తప్పేమీ లేదు దీనిలో, ఒక్కటి తప్ప: మాట్లాడుతున్నది దేవుడితో కాదు, దేవుణ్ణి గురించి. కాలు మొసలి నోట్లో ఉన్నా, మనసు ఇంకా సిద్ధాంతం చెబుతోంది.

తర్వాత ఒక కందం వస్తుంది. దీనుల దగ్గర ఉంటాడని జనం అంటారు, పరమయోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు. మరి అలా ఉన్నాడని చెప్పేవాడు అసలు ఉన్నాడా, లేడా? సంస్కృత స్తుతిలో ఈ సందేహం కనబడదు. ఇది పోతన చేర్పు. భక్తి కావ్యంలో, భక్తుడి నోట, స్తోత్రం నడుమ సందేహాన్ని పెట్టడానికి ఎంత ధైర్యం కావాలి! ఇప్పుడు దీని నిర్మాణం చూడండి. పద్యం చెప్పే సందేహం లేడేమోనని. కానీ 'కలడు' అన్న మాట ఏవో మార్పులతో ఆరుసార్లు వినబడుతుంది, లేడేమో అన్నది చిట్టచివర ఒక్కసారి. బుద్ధి సందేహాన్ని అందుకుంటుంది, చెవి ఉనికిని అందుకుంటుంది. పైగా మూడు పాదాల్లోనూ 'అంటారు' అన్న క్రియ ఉంది. అప్పటిదాకా ఏనుగు చెప్పిన వేదాంతమంతా విన్నదే, కన్నది కాదు అన్న ఒప్పుకోలు అందులో ఉంది. అభినవగుప్తుడు విఘ్నమన్న సంశయాన్ని, పతంజలి అంతరాయమన్న సంశయాన్ని, పోతన మెట్టుగా వేశాడు. విన్న దేవుణ్ణి వదిలితే తప్ప ఉన్న దేవుడి వైపు కాలు కదలదు. ఈ మాట ఉపన్యాసంలో చెబితే చప్పగా ఉంటుంది, కొంచెం ప్రమాదంగానూ ఉంటుంది. పద్యంలో వచ్చేసరికి శ్రోత తన సందేహాన్నే ఏనుగు నోట విని ఉలిక్కిపడతాడు, సిగ్గుపడడు.

ఆ పైన వచ్చే శార్దూలంలో అంతా తారుమారవుతుంది. బలం ఏమాత్రం లేదని, ధైర్యం సడలిందని, ప్రాణాలు చోటు తప్పాయని, మూర్ఛ వస్తోందని, ఒళ్ళు డస్సిపోయిందని తెగిన ముక్కల్లా చిన్న చిన్న వాక్యాలు. స్తుతి మొదట్లో ఒక వాక్యం పద్యమంతా పరుచుకుంది. ఇక్కడ ఒక పాదంలోనే రెండు మూడు వాక్యాలు తెగిపడుతున్నాయి. చదివేవాడికి గుక్క తిప్పుకోక తప్పదు. ఆ తెగిన గుక్కల మధ్యలో మొదటిసారి ఎదుటివాణ్ణి పిలిచే పిలుపు వస్తుంది. నీవు తప్ప నాకు ఇంకెవరూ తెలియరు. 'వాడు' పోయి 'నీవు' వచ్చింది. జగత్కారణం అన్న మాట ఇప్పుడు లేదు, సాక్షి అన్న మాట లేదు. రావాలి, కాపాడాలి, అంతే. పద్యానికి పద్యానికి మధ్య ఏనుగు తత్త్వశాస్త్రం మార్చుకోలేదు. వ్యాకరణంలో పురుష ఒక్కటి మారింది. ప్రథమ పురుష నుంచి మధ్యమ పురుషకు రావడానికి వేయి సంవత్సరాలు పట్టింది. అంతకంటే తొందరగా ఎవరికైనా వస్తుందని నేననుకోను. ప్రార్థనల్లో రోజూ 'నీవు' అని పలుకుతూనే ఉంటాం, పలుకుతున్నది మాత్రం లోపల 'వాడు' గానే ఉంటుంది.

మరి మొదటి పద్యాలన్నీ వృథాయేనా? కాదని కథే చెబుతుంది. ఏనుగు మొర విని బ్రహ్మాది దేవతలు కదలలేదు. తమ పేరు, తమ రూపం అందులో వినబడలేదు కాబట్టి ఊరుకున్నారు. 'ఎవడో వాడు' అని చిరునామా ఖాళీగా వదిలిన ఆ వాక్య నిర్మాణమే రావలసింది ఎవరో తేల్చింది. అన్నీ తానైనవాడొక్కడే దాన్ని తన పిలుపుగా గుర్తుపట్టాడు. ఒక సర్వనామం కథను నడిపించడం ఇలాంటి చోటే చూస్తాం.

తర్వాత కవి మనల్ని మడుగు నుంచి ఎత్తి వైకుంఠంలో దించుతాడు. ఆ మత్తేభం మొత్తం ఒకే ఊపు. ఎక్కడో ఉన్న ఊరు, ఊళ్ళో నగరు, నగరులో మూలసౌధం, దాని పక్కన మందార వనం, వనంలో అమృత సరస్సు, ఒడ్డున చంద్రకాంత వేదిక, దానిమీద కలువల పాన్పు, పాన్పు మీద రమ, ఆమెతో వినోదిస్తున్న స్వామి. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క గడప దాటుతాం. స్వామి కనబడేది చివరికి. ఆయన విన్నాడన్నది ఇంకా చివర. ఈ గడపలను ఒక్కో కోశంతో జతచేసి, అన్నమయం ఇది, ప్రాణమయం ఇది అని లెక్కలు కట్టేవారున్నారు. ఆ లెక్కతో నేను వెళ్ళలేను, కవి మనసులో అది ఉందనడానికి పద్యంలో దాఖలా లేదు. చెప్పగలిగిందల్లా ఇంతే: ఏనుగు అరిచింది బయటికి, పద్యం ఆ అరుపును మోసుకుపోయింది లోపలికి, ఇంకా లోపలికి. పద్యం వింటున్నవాడి ధ్యాస కూడా ఆ దారినే వెళ్ళక తప్పదు, ఎందుకంటే క్రియాపదం చివర ఉంది, అది దొరికేదాకా వాక్యం ఆగనివ్వదు.

తర్వాతి పద్యం తెలియని తెలుగువారు తక్కువ. స్వామి పరుగు. సంస్కృతంలో విష్ణువు గరుత్మంతుడి మీద, చక్రం పట్టుకుని, ఠీవిగానే వస్తాడు. లక్ష్మి ఆ దృశ్యంలో లేదు. పోతన దాన్ని తలకిందులు చేశాడు. పరుగును వర్ణించలేదు, ఏమేమి చేయలేదో చెప్పాడు. శ్రీదేవికి చెప్పలేదు. రెండు చేతులా శంఖచక్రాలు సంధించలేదు. పరివారాన్ని పిలవలేదు. గరుత్మంతుణ్ణి సిద్ధం చేయలేదు. చెవుల మీదికి జారిన జుట్టు సర్దుకోలేదు. ప్రణయ కలహంలో పట్టుకున్న ఆమె పైట కొంగు కూడా వదల్లేదు. ఒక్కొక్క 'లేదు' ఒక్కొక్క వస్తువును మన కళ్ళముందు పెట్టి తీసేస్తుంది. వేగం అన్న మాట లేకుండా వేగం వ్యంగ్యమైంది. ఆనందవర్ధనుడు చూసి ఉంటే ధ్వనికి ఉదాహరణగా దీన్ని రాసుకునేవాడు.

ఈ పద్యాన్ని దాని సొగసుకే మెచ్చుకుని వదిలేస్తే సగం పోగొట్టుకున్నట్టే. దీన్ని ఏనుగు మొరపెట్టిన శార్దూలం పక్కన పెట్టి చదవాలి. అక్కడ భక్తుడు తనకున్నవి ఒక్కొక్కటి పోయాయని చెప్పాడు: బలం, ధైర్యం, ప్రాణాల కుదురు, స్పృహ. ఇక్కడ భగవంతుడు తనకున్నవి ఒక్కొక్కటి వదిలేశాడు: దేవి, ఆయుధం, పరివారం, వాహనం, అలంకారం. రెండూ లేమి పద్యాలే. ఒకరికి అన్నీ పోయాయి, ఒకరు అన్నీ వదిలారు. ఇద్దరి మధ్యా ఇక అడ్డం రావడానికి ఏమీ మిగల్లేదు. శరణాగతికి శాస్త్రాల్లో ఎన్ని అంగాలు చెప్పినా, భగవంతుడి వైపు నుంచి కూడా ఒక త్యాగం ఉంటుందన్న ఊహ ఇంత నిబ్బరంగా ఎవరు చేశారు?

ఛందస్సు దగ్గర ఇంకో చిన్న సంగతి. శార్దూలానికి పాదానికి 19 అక్షరాలు, మత్తేభానికి 20. రెండిటి గురులఘువులు కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. శార్దూలంలో మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే మత్తేభం వస్తుంది. తక్కినదంతా అక్షరం అక్షరం ఒకటే. యతి 13వ అక్షరం నుంచి 14వ దానికి జరుగుతుంది. ఏనుగు మొర ఒక బరువైన దీర్ఘంతో, మూలుగులా మొదలవుతుంది. స్వామి పరుగు రెండు తేలిక అక్షరాలతో, కాలు నేలకు ఆనకుండా మొదలవుతుంది. ఆ పైన ఇద్దరి నడకా ఒకటే. శార్దూల మత్తేభాలు పక్కపక్కన రావడం మన కావ్యాల్లో మామూలే కాబట్టి దీన్ని కవి పథకమని నేను వాదించను. చదివేవాడి గొంతుకు మాత్రం ఆ మొర, ఆ పరుగు ఒకే లయగా పరిచయమవుతాయి, అది వాదన లేకుండానే జరుగుతుంది.

వెనక లక్ష్మి పరుగు ఉంది. ఎందుకు వెళ్తున్నాడో అడగాలని నాలుగడుగులు వేస్తుంది, అడిగినా చెప్పడేమోనని ఆగుతుంది, మళ్ళీ వేస్తుంది. ఆ కందం నిండా డకారాలు, లఘువులు. గబగబా చదివితే ఎవరి నాలుకైనా తొట్రుపడుతుంది. ప్రాణాపాయం మధ్యలో ఈ నవ్వేమిటని కొందరికి ఇది రుచించదు. నాకు ఇష్టం. స్వామికి ఏనుగు తెలుసు, ఏనుగుకు స్వామి తెలుసు; లక్ష్మికి ఏమీ తెలియదు, అయినా వెంట పడింది, కొంగు ఆయన చేతిలో ఉంది కాబట్టి. ఎందుకో తెలియకుండా ఈ పద్యాల వెంట నడిచే మనకు ఆ కథలో ఉన్న స్థానం బహుశా అదే.

ఆయుధం లేకుండా పరిగెత్తిన దేవుడి మీద ఒక కథ లోకంలో ఉంది, చరిత్రగా కాదు, చెప్పుకునే కథగా. ఏమీ తీసుకోకుండా వచ్చి ఏం చేద్దామని, చూసి పోదామనా, అని శ్రీనాథుడు భోజనాల దగ్గర ఎగతాళి చేశాడట. పోతన మాట్లాడకుండా పెరట్లో బావిలో ఓ బండ వేసి, నీ బిడ్డ పడ్డాడు బావా అని కేకేశాడట. శ్రీనాథుడు ఎంగిలి చేత్తో పరిగెత్తుకొచ్చాడు. తాడేది, నిచ్చెనేది అని పోతన అడిగాడు. కథ పుట్టించినవాడు మంచి విమర్శకుడు. ఔచిత్యం గురించి వాదించలేదు. ప్రశ్న వేసినవాణ్ణే పద్యంలోకి తోసేశాడు.

అయితే ఇదంతా చెప్పి ఒక హెచ్చరిక చెప్పకపోతే అన్యాయం. చెమ్మగిల్లిన కళ్ళు సాధన కావు. రసాస్వాదం బ్రహ్మాస్వాదానికి తోబుట్టువన్నారు ఆలంకారికులు. తోబుట్టువు ఇంటికి వెళ్ళి వచ్చి అసలువాణ్ణి చూశామనుకోకూడదు. శబ్దానికి చెవిని పట్టుకునే శక్తి ఉందంటే, పట్టుకుని ఎక్కడికైనా తీసుకుపోగలదని కూడా అర్థం. సమయం చూసి గొంతు వణికించి సభను ఏడిపించే నేర్పు భక్తికీ పనికొస్తుంది, భక్తి పేరుతో బతికేవారికీ పనికొస్తుంది. మరి తేడా ఎలా తెలియాలి? నాకు తోచిన గుర్తు ఒకటుంది. మంచి కవి మనలో ఏ భావం రేపాడో, ఆ భావాన్ని కూడా చివరికి నిలదీస్తాడు. పోతన ఆ పని చేశాడు, భాగవతం చూపిన దారిలోనే.

ఇంతసేపూ మనం మొసలిని ద్వేషిస్తూ వచ్చాం. చక్రం దాని తల తెంచినప్పుడు మనకు కలిగిన తృప్తి తక్కువదేమీ కాదు. సరిగ్గా అప్పుడు ఆ మొసలి ఒళ్ళు విడిచి ఒక గంధర్వుడు లేచి నిలబడతాడు. పేరు హూహూ. దేవలుడి శాపంవల్ల మొసలయ్యాడు. హరికి మొక్కి, కీర్తించి, తన లోకానికి వెళ్ళిపోతాడు. కథలో మొదట విడుదలైనది మొసలి! ఏనుగు వంతు ఆ తర్వాత. ఈ శాపాల సంగతి మొదట్లోనే చెప్పి ఉంటే మనం ఇద్దరినీ కర్మ లెక్కల్లో తూచి, పోనీలే, అనుభవించాలి గదా అనుకుని చల్లగా వినేవాళ్ళం. చివరికి నెట్టడంవల్ల రెండు పనులయ్యాయి. ఏనుగుతో షరతు లేకుండా ఏడ్చాం. మొసలి మీద షరతు లేకుండా పెంచుకున్న కోపం, నిలవడానికి చోటు లేక మన చేతుల్లోనే మిగిలిపోయింది. కట్టిపడేసినదానికి కూడా విడుదల కావాలి, అది కూడా ఏదో శాపంలో ఉంది అన్న ఎరుక వాక్యంగా ఎక్కడా లేదు. కథలో సంగతుల వరుస దాన్ని చేసింది. చాలామంది ఇష్టపడి వల్లించే పద్యాలు పరుగు దగ్గర ఆగిపోతాయి. ఈ భాగం దాకా రారు. నష్టం వారిదే.

ఏనుగు పూర్వజన్మ ఇంకా చిత్రం. అతడు ఇంద్రద్యుమ్నుడనే పాండ్యరాజు. మలయ పర్వతం మీద ఆశ్రమం కట్టుకుని, మౌనవ్రతంలో హరిని అర్చిస్తున్నాడు. అగస్త్యుడు శిష్యులతో వచ్చాడు. రాజు లేవలేదు, పలకరించలేదు. ఏనుగులా మదించి కూర్చున్నావు, ఏనుగువై పుట్టు అన్నాడు ముని. మడుగులో ఏనుగు చేసిన స్తుతి కొత్తగా అల్లింది కాదనీ, వెనకటి జన్మలో నేర్చుకున్నదేననీ సంస్కృత భాగవతం స్పష్టంగా అంటుంది. నోటికి వచ్చిన పాఠం రాజ్యం పోయినా, మనిషి ఒళ్ళు పోయినా పోలేదు. ఛందస్సు అనే కట్టు ఎందుకో దీంతో తెలుస్తుంది. కట్టు లేని మాట ఇన్ని చేతులు మారి నిలవదు. కానీ అదే పాఠం మలయ పర్వతం మీద అతణ్ణి కాపాడలేదు. అక్కడ స్తుతిలో లోపం లేదు, ఏకాగ్రతలో లోపం లేదు. ఎదురుగా వచ్చి నిలబడ్డవాడు మాత్రం 'నీవు' కాలేదు, లోపలి ధ్యానానికి అడ్డమొచ్చిన ఎవడో వాడుగానే ఉండిపోయాడు. కొండమీది మౌనానికీ మడుగులోని మొరకూ మాటల్లో తేడా ఎంతో శుకుడు చెప్పడు, పరీక్షిత్తు అడగడు. ఫలశ్రుతి చెప్పి, రాజుకు మిగిలిన పొద్దు తక్కువ కాబట్టి, ముని రైవత మన్వంతరం కథ ఎత్తుకుంటాడు.